రెండు పేర్లవాళ్ల లంక

మధ్యాహ్నం మూడు నలభైకి లంకలో దిగాం. నవంబరు నెల. ఎమర్జెన్సీ రెండో ఏడు. రెండు నాటుపడవలు, ఇరవై ఇద్దరం, ఒక వైర్‌లెస్ సెట్టు, నాలుగు బస్తాల బియ్యం. మనిషికో త్రీనాట్‌త్రీ రైఫిలు, యాభై తూటాలు, గ్రౌండ్‌షీటు, దోమతెర. నా దోమతెర నిండా చిల్లులే. సన్నగా జల్లు పడుతోంది. రేవులో మోకాలి లోతు ఒండ్రు. మొదటి అడుగుకే ఎడమ కాలి బూటు ఊడి బురదలో ఉండిపోయింది. చెయ్యి పెట్టి లాక్కుంటుంటే గట్టు మీది ఆడవాళ్లు నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. నవ్వాపుకుంటున్నారనుకున్నాను. కాదు, భయం.

మా వీధిలో నన్ను మిలట్రీ తాతగారు అంటారు. మా వైపు ఖాకీ వేసి తుపాకీ పట్టిన ప్రతివాడూ మిలట్రీయే. నాది సాయుధ పోలీసు పటాలం. ఆ పటాలం నంబరు ఇక్కడ రాయను. లంక పేరూ రాయను. రాజోలుకీ దిండికీ మధ్య గోదావరి పాయలో ఉందనుకోండి, చాలు. “ఎంతమందిని కాల్చేరండీ తాతగారూ?” అని అడుగుతుంటారు. సర్వీసు మొత్తం మీద మనిషి మీద ఒక్క తూటా పేల్చలేదు. అయినా నా మూలాన ఒక మనిషి పోయాడు. అడుగుతారు కదా, ఇదిగో, ఇదే చెబుతున్నాను. వినండి.

రేవుకి రెండు వందల గజాల్లో కొబ్బరికాయలు రాశులు పోసే రేకుల షెడ్డు. అదే క్యాంపు. వెనక ఒక చిన్న గది, తడక తలుపు, కిటికీ లేదు. కుళ్లిన పీచు వాసన. సాయంత్రం అయిదింటికి ఎస్సై గారు మమ్మల్ని వరసలో నిలబెట్టారు. ఆయనది రాయలసీమ. ముప్పై అయిదేళ్లుంటాయి. మాతోపాటే నేల మీద కూర్చుని తినే మనిషి. ఎవరికి జ్వరమొచ్చినా తన రగ్గు తీసి కప్పేవాడు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే మీరు వేరే మనిషిని ఊహించుకుంటారు.

“కొండల్లోంచి నక్సలైటొకడు తప్పించుకుని ఈ లంకల్లో చేరినాడు,” అన్నారు. “ముగ్గుర్ని సంపినాడు. ఫోటో లేదు. ఆనవాలు ఒకటే. వానికి రెండు పేర్లు. కాగితంలో ఒకటి, జనం నోట్లో ఒకటి. అట్లాంటోడు కనపడితే ఎత్తుకొచ్చేయండి.”

ఆ ముగ్గురిలో మా పటాలం వాడొకడు. వాడి పాడె నేనే మోశాను. వాడి భార్య గాజులు పగలగొట్టుకుంటుంటే చూశాను. కాబట్టి వేటంటే మాకూ కసి ఉంది. దాచను. కానీ రెండు పేర్లు అన్న మాట వినగానే నేను వంగి, ఊడని బూటు లేసు మళ్లీ కట్టుకున్నాను.

ఎందుకో చెప్పాలి. నేను పుట్టింది ముక్తేశ్వరం పక్కన, క్రైస్తవుల పేటలో. మా తాతల కాలంలోనే బాప్తిస్మం పుచ్చుకున్నారు. చర్చిలో నా పేరు యోహాను. ఇంట్లోనూ అదే. బళ్లో వేసేటప్పుడు మా నాన్నగారు సత్యనారాయణ అని రాయించారు. మతం మారిందని కాగితంలో పడితే ఎస్సీ సర్టిఫికెట్టు రాదు. మతం మారినంత మాత్రాన మాలపేట మరోచోటికి జరగలేదు, పొలంలో కూలి మారలేదు, హోటల్లో మా గ్లాసు వేరుగా పెట్టడం మానలేదు. సర్టిఫికెట్టు మాత్రం పోతుంది. అందుకని ఇంటింటా ఇదే ఏర్పాటు. బడికి ఒక పేరు, చర్చికి ఒక పేరు. నేను పటాలంలో చేరింది ఆ సర్టిఫికెట్టు మీదే. నా సర్వీసు పుస్తకంలో ఉన్నది సత్యనారాయణ. యోహాను సంగతి ఎవడైనా పై అధికారికి ఒక్క ముక్క రాస్తే, మర్నాడు ఒంటి మీద ఖాకీ ఉండదు. అప్పటికి నాకు ముగ్గురు పిల్లలు.

లంకలో దిగిన మర్నాడు తెల్లవారుజామున అయిదు పదికి అక్కడి మాలపేటని చుట్టుముట్టాం. మంచు. వరిచేలు కోతకొచ్చి ఉన్నాయి. మా హెడ్డు గారికి ఒక పద్ధతి ఉంది. ఒక ఇంట్లో రేషన్ కార్డు తీసుకుంటాడు. పక్కింటివాళ్లని పిలిచి “ఈ ఇంటాయన పేరేంటి?” అంటాడు. రెండూ కలవకపోతే మనిషిని బయటికి లాగుతాడు. మొదటి ఇంటి పక్కనున్న ముసలావిణ్ని అడిగాడు.

“మా మరిదిగారండి. సమూయేలండి.”

“కార్డులో సుబ్బారావని ఉందేం?”

“కార్డులో సుబ్బారావేనండి. ఆయ్.”

“అయితే ఇద్దరున్నారా ఇంట్లో?”

“ఒక్కడేనండి బాబూ! ఇద్దరుంటే నేనెక్కడ వండి పెట్టనండీ?”

ఏడు గంటలకల్లా పందొమ్మిది మంది మొగాళ్లు షెడ్డు ముందు గొంతుక్కూర్చున్నారు. హెడ్డు పరుగెత్తుకుంటూ వచ్చి సెల్యూట్ కొట్టాడు. “సార్, లంకంతా పార్టీయే సార్!” నాకు నవ్వొచ్చింది.

ఎస్సై గారు ఒక్కొక్కణ్నే అడిగారు, రెండు పేర్లెందుకని. ఒక్కడూ నోరు విప్పలేదు. తలలు దించుకున్నారు. వాళ్ల మౌనం నాకు అర్థమైంది. ఖాకీవాడి ముందు ఆ కారణం చెబితే, ఆ పేటలో హాస్టల్లో చదువుకునే పిల్లల గతి ఏం కాను? టీచరు ట్రైనింగులో ఉన్న ఆడపిల్ల సీటేం కాను? తమ కోసం చెప్పుకోవాల్సిన ఒకే ఒక్క మాట పిల్లల కోసం మింగేశారు. అలా మింగడమే తప్పు చేసినవాడి లక్షణంలా కనబడింది మావాళ్లకి.

తొమ్మిదింటికి లంక పెద్దరైతు గొడుగేసుకుని వచ్చాడు. ఆయన మాట చెల్లే ఊరు. “వీడు మా పాలేరండి. వీడు మా తోటలో కాయల దింపు దింపేవాడండి. వీళ్లంతా మనవాళ్లేనండి,” అంటూ ఒక్కొక్కణ్నే లేపి పంపించేశాడు. పద్దెనిమిది మంది వెళ్లిపోయారు. చివరివాడి దగ్గర ఆగాడు.

“ఈడి సంగతి నాకు తెల్దండి.”

వాణ్ని పుట్టినప్పట్నించీ ఎరిగినవాడే ఆ మాటన్నాడు. ఆ మిగిలినతను కొబ్బరికాయలు వలిచే కూలీ. ముప్పై ఏళ్లుంటాయి. కార్డులో వెంకటేశ్వర్లు, పేటలో దానియేలు. ఆ శ్రావణంలో వలిచేవాళ్లందర్నీ కూడగట్టి పని ఆపించాడట. పెద్దరైతు దొడ్లో రాశులు అలాగే పడుండి కొన్ని కాయలు మొలకెత్తాయట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఎస్సై గారికి తెలిసింది ఒక్కటే: ఒకడు మిగిలాడు, వాడికి రెండు పేర్లు, కూలీలు వాడి మాట వింటారు.

నన్ను పక్కకి పిలిచారు. సిగరెట్టు వెలిగించి నెమ్మదిగానే అడిగారు. “నువ్వీ తట్టు మనిషివే కదప్పా. ఈడ మామూలు జనాలకు కూడా ఇట్ల రెండు పేర్లుంటాయా? ఉంటే చెప్పు, వాణ్ని ఇప్పుడే వదిలేస్తా.”

ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. బెదిరించలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడాయన. ఉంటాయి సార్, నాకూ ఉంది సార్, అంటే అయిపోయేది.

“నాకు తెలీదు సార్,” అన్నాను.

దానియేలుని వెనక గదిలో పెట్టారు. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని మాకు ట్రైనింగులో బట్టీ పట్టించారు. ఆ గదికి రిజిస్టరే లేదు. “ఎంట్రీ వేస్తే లేనిపోని తలనొప్పి. ఇప్పుడు అడిగేవాడెవడు?” అన్నాడు హెడ్డు. నిజమే, అడిగేవాడు లేడు. అడిగేవాళ్లంతా జైళ్లలో ఉన్నారు. నా కాపలా ఉదయం ఆరు నుంచి పది, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు. లోపలికి మావాళ్లు ఇద్దరు వెళ్లేవాళ్లు. అరికాళ్ల మీద కొట్టేవాళ్లు. “కొండల్లో నీ పేరేంటి?” అని ఒకటే ప్రశ్న. లేని పేరు ఎక్కణ్నించి తెస్తాడు? నేను బయట రైఫిలు పట్టుకుని నిటారుగా నిలబడేవాణ్ని. సిగ్గులేని నిలబడ్డం. రెండో రోజుకి అతని అరుపు ఆగిపోయింది. దెబ్బల చప్పుడొక్కటే వినబడేది. అది ఇంకా ఘోరం.

అతని భార్య మార్తమ్మ రోజూ కారియరు తెచ్చేది. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. నా చేతికే ఇచ్చేది. రెండో రోజు నా మొహం కేసి అదే పనిగా చూసింది.

“అన్నయ్యగారూ, మీ మాట మా వైపు మాటలాగే ఉందండి. ఎక్కడోరండీ?”

“ముక్తేశ్వరం దగ్గర.”

“మా పిన్నిగారిదీ అటేనండి. మనోళ్లేనాండీ మీరు?”

నేను కారియరు మూత తెరిచి లోపలేముందో పరీక్ష చేస్తున్నట్టు నటించాను. గోంగూర, చేపల పులుసు. ఆవిడ ఇంకేం అడగలేదు. మనోళ్లయితే ఇలా నిలబడి ఉండరనుకుందేమో.

నాలుగో రోజు ఉదయం వైర్‌లెస్ ఆపరేటరు సెట్టు ముందు కూర్చున్నాడు. నాకు వినబడుతూనే ఉంది.

“కంట్రోల్ టు లంక. మనిషి దొరికినట్టేనా? ఓవర్.”

“ఒకడున్నాడు. ఒప్పుకోవడం లేదు. ఓవర్.”

“రేపు పొద్దున్న అవతలి పార్టీకి అప్పగించండి. పడవ వస్తుంది. ఓవర్.”

అవతలి పార్టీ అంటే ఏమిటో మా అందరికీ తెలుసు, నక్సలైట్లని పట్టే పోలీసు దళం. వాళ్ల చేతికెళ్లినవాళ్లు పారిపోతుంటారు, పారిపోతూ చచ్చిపోతుంటారు. ఆపరేటరు నా వంక చూసి, “అంతేనన్నా,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం గదిలో మంచినీళ్లు పెట్టే వంకతో లోపలికెళ్లాను. దానియేలు గోడకి చేరగిలబడి ఉన్నాడు. పాదాలు ఉబ్బిపోయి వేళ్లు కనబడడం లేదు. నన్ను చూసి లేవబోయాడు. మర్యాద! ఆ స్థితిలో మర్యాద! నాకు ఏడుపొచ్చింది.

“ఇంటిదేమన్నా చెప్పిందాండీ?” అన్నాడు.

“పాస్టరు గారు బాప్తిస్మాల పుస్తకం తెస్తానన్నారట. అందులో నీకు రెండు పేర్లూ పక్కపక్కన రాసున్నాయట. అది చూపిస్తే నువ్వెవరో రుజువైపోద్ది.”

అతను వెంటనే తల అడ్డంగా ఊపాడు. “వద్దని చెప్పండి. అందులో నేనొక్కణ్నే లేనండి. పేటంతా ఉందండి, రెండేసి పేర్లతో. ఆ పుస్తకం ఓసారి ఈళ్ల చేతుల్లో పడితే ఆఫీసులకెళ్లిపోద్ది. పిల్లల చదువులు ఆగిపోతాయండి. వద్దని గట్టిగా చెప్పండి.”

“నీ ప్రాణమయ్యా!”

“నాలుగు దెబ్బలు కొట్టి వదిలేత్తారు లెండి. నేనేం చేసేనని?”

రేపు పడవొస్తుందని చెప్పలేకపోయాను. అప్పుడైనా బయటికెళ్లి ఎస్సై గారితో నిజం చెప్పొచ్చు. పది అడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడాయన. దానికి బదులు నేనేం చేశానో తెలుసా? సలహా ఇచ్చాను. నా బోడి సలహా.

“చూడు, నువ్వు వెంకటేశ్వర్లువి, అంతే. రేపట్నించి ఎవరు దానియేలని పిలిచినా పలక్కు. తిరిగి చూడకు. ఎవరు పిలిచినా సరే. రెండో పేరు లేదనుకుంటే వాళ్లే వదిలేస్తారు.”

“ఆయ్. అలాగేనండి,” అన్నాడు. మా వైపు పిలుపుకి పలికినా, మాటకి ఒప్పుకున్నా ఆయ్ అనే అంటారు. నన్ను పూర్తిగా నమ్మాడు.

మర్నాడు ఉదయం ఏడుంబావుకి రేవులో పడవ. అవతలి పార్టీ వాళ్లు ఆరుగురు, అందరూ మఫ్టీలో. గోదావరి మీద పొగమంచు విడుతోంది. దానియేలు చేతులు ముందుకి కట్టి ఉన్నాయి. నడవలేకపోతే నేనూ ఇంకొకడూ రెక్కలు పట్టుకుని దించి పడవలో కూర్చోబెట్టాం. ఏటి వైపు మొహం, గట్టు వైపు వీపు. నేను అతనికి ఎదురుగా, నీళ్లలో నడుం లోతున నిలబడి పడవ పట్టుకున్నాను.

మార్తమ్మ గట్టు మీదికి పరుగెత్తుకొచ్చింది. ఎస్సై గారు ఆవిణ్ని ఆపారు. ఆయన మనసులో ఇంకా పీకుతోందనుకుంటాను. ఆఖరిసారి తేల్చుకుందామనుకున్నాడు.

“అమ్మా, నీ మొగుణ్ని పేరు పెట్టి పిలువు. ఇంట్లో ఏం పేరో ఆ పేరుతోనే.”

“బాబ్బాబూ, పేరు పెట్టి పిలవకూడదండి. ఎప్పుడూ పిలవలేదండి.”

“పిలువు. నీ మొగుడికి మంచిదే.”

ఆవిడ కొంగు మెడ చుట్టూ లాక్కుంది. చుట్టూ చూసింది. పేట పేటంతా నిలబడి ఉంది.

“దానియేలు గారూ!” అంది.

దానియేలు కదల్లేదు.

“దానియేలు గారూ! ఇటండీ!”

మెడ నరాలు బిగుసుకున్నాయి. తల మాత్రం తిప్పలేదు. మూడోసారి పిలుపు కాదది, కేక. అవతలి ఒడ్డు దాకా వెళ్లింది. అతను తిరగలేదు.

ఎస్సై గారు పెద్దగా ఊపిరి వదిలారు. ఆయన మొహంలో అనుమానం పోయింది. “సూసినారా? మామూలు మనిషైతే పెండ్లాం అట్ల మొత్తుకుంటాంటే తిరిగి సూడడా? ట్రైనింగు! వీడే. తీసుకపోండి.”

పడవ చేతుల్లోంచి జారిపోయింది. నేను పట్టుకుని ఉంచలేదు. ఏడు నలభై.

పదకొండు దాటాక సెట్టు పలికింది. “అవతలి పార్టీ టు లంక. మనిషి నీళ్లలోకి దూకాడు. గాలిస్తున్నాం. ఓవర్.” చేతులు కట్టేసి ఉన్నవాడు, పాదాలు నేల మీద ఆనించలేనివాడు దూకాడట! ఆపరేటరు రాసుకున్నాడు. మా అందరికీ వంటవాడు అన్నం వడ్డించాడు. తిన్నాం. శవం దొరకలేదు, లేదా ఎవరికీ ఇవ్వలేదు.

రెండు వారాలకి అసలువాడు ఎక్కడో ఉత్తరాన ఇంకో జిల్లాలో దొరికాడని కబురొచ్చింది. జన్మలో ఈ లంకల్లో అడుగు పెట్టలేదట. ఎస్సై గారు ఆ రోజు కంచం ముందు నుంచి లేచిపోయారు. సాయంత్రం నా దగ్గరికొచ్చారు. “ఈ తట్టు కిరస్తానీ పేటల్లో అందరికీ రెండు పేర్లుంటాయంట కదప్పా. రేవులో ఎవురో సెప్పినారు. నీకు తెలీదా?”

“తెలీదు సార్.”

ఆయన చేతిలో సిగరెట్టు నేలకేసి నలిపి వెళ్లిపోయారు. తెలిసిపోయిందనే నా నమ్మకం. పైకి రాయలేదు. రాస్తే తన చేతికంటిందీ బయటపడుతుంది కదా. డిసెంబరులో క్యాంపు ఎత్తేశాం. రాజోలు దాకా పడవ, అక్కణ్నించి లారీలు. దారంతా ఎవరూ పాటలు పాడలేదు.

ఎమర్జెన్సీ పోయాక పౌర హక్కుల లాయర్లు కొందరు లంకకి వెళ్లి మార్తమ్మ చేత అర్జీ పెట్టించారు. పైనుంచి వచ్చిన జవాబు నేను చూశాను. దానియేలు అనే మనిషి ఏ రికార్డులోనూ లేడు. వెంకటేశ్వర్లు అనే మనిషిని మేం ఏనాడూ అదుపులోకి తీసుకోలేదు. అంతే, రెండు వాక్యాలు. ఏ రెండు పేర్లు ఉన్నందుకు పట్టుకుపోయారో, ఆ రెండు పేర్ల మధ్యనే మనిషిని మాయం చేశారు. ఒక లాయరు గారు సైకిలు మీద మా ఇంటికే వచ్చారు. అరుగు మీద కూర్చుని, “మీరొక్కరు చెబితే చాలండి,” అని బతిమాలారు. నా డ్యూటీ వంటశాల దగ్గరండి అన్నాను. మా ఆవిడ లోపల్నించి వింటూనే ఉంది. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

లంక సంగతి జరిగిన పదేళ్లకి, గడువు కంటే ముందే రిటైరయ్యాను. పెన్షను కాగితాలు చేతికొచ్చేదాకా ఆగి, అప్పుడు లంకకి వెళ్లాను. అవును, చేతికొచ్చేదాకా ఆగాను. నన్నేమన్నా అనుకోండి.

మార్తమ్మ వాకిట్లో కొబ్బరాకు చీల్చి ఈనెలు తీస్తోంది. తల సగం నెరిసింది. ఖాకీ లేకపోయినా గుర్తుపట్టింది. పీట వేసింది, మంచినీళ్లిచ్చింది. నేను నోరు తెరిచేలోపే తనే అడిగింది.

“అన్నయ్యగారూ, మీరు పడవ దగ్గరే ఉన్నారు కదండీ. ఒక్క మాటండి. పదేళ్లనించీ ఎవర్నీ అడగలేకపోయేను. అంతమందిలో పేరెట్టి పిలిచేసేనని ఆయనకి కోపం వచ్చిందంటారా? అందుకేనా తిరగలేదు?”

పదేళ్లు! ఆ మనిషి పదేళ్లుగా ఆ తప్పు తనదనుకుని మోస్తోంది. ఆ దేవుడు నన్ను అక్కడికక్కడే తీసుకుపోయినా బాగుండేది.

“కాదమ్మా. తిరగొద్దని నేనే చెప్పాను. తిరిగి చూడకపోతే వదిలేస్తారన్నాను. అది నా పాపం,” అన్నాను. అంతా చెప్పాను. ఎస్సై గారి ప్రశ్న, నా అబద్ధం, యోహాను అనే నా పేరు. తిడుతుందని, చీపురు తిరగేస్తుందని కూర్చున్నాను. ఆవిడ చేతిలో ఈనె అలాగే ఉంది.

“అయితే నా పిలుపు ఇన్నారాండీ?”

“విన్నాడమ్మా.”

ఆవిడ ఈనెలు పక్కన పెట్టి లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను సాయంత్రం పడవకి వచ్చేశాను.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. లాఠీలూ, అరుపులూ కలలోకి రావడం ఏనాడో మానేశాయి. అతని మొహం ఒక్కటే పోదు. మూడోసారి ఆవిడ కేక పెట్టినప్పుడు నేను నీళ్లలో అతనికెదురుగా ఉన్నాను. గట్టు మీదివాళ్లకి వీపే కనబడింది, నాకు మొహం కనబడింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తల తిప్పకుండా, పెదవి మాత్రం కదిపి, “ఆయ్” అన్నాడు. ఆవిడకి వినబడకుండా, నాకొక్కడికే వినబడేలా. అది ఆవిడకి చెప్పకుండానే వచ్చేశాను.